మొదటి టెక్నికల్ ఉద్యోగంలో జీతం పెంచమని ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరి ఏడాదిన్నర అయింది. కొన్ని నెలలుగా టెస్టింగ్‌తో పాటు రిలీజులు (కొత్త వెర్షన్లను వాడుకలోకి తేవడం), సర్వర్ల పర్యవేక్షణ, అప్పుడప్పుడు డేటాబేస్ పనులు కూడా మీ మీదే పడుతున్నాయి. హోదా, జీతం మాత్రం చేరిన నాటివే. ఈ మధ్య మీ టీములో కొత్తగా చేరిన వ్యక్తికి మీకంటే ఎక్కువ ఇస్తున్నారని తెలిసింది. మేనేజర్ మెచ్చుకుంటారు కానీ జీతం మాట ఎత్తితే "చూద్దాం" అంటారు. అడగాలంటే మొహమాటం, ఊరుకుందామంటే ఉక్రోషం. ఇప్పుడే అడగాలా, ఎంత అడగాలి, మెయిల్ పెట్టాలా, హెచ్‌ఆర్‌ను కలవాలా, లేక వేరే ఉద్యోగం చూసుకోవాలా? ఇక్కడే ఎదగాలంటే ఏం చేయాలి?

సూటిగా చెబుతాను. అడగండి. అయితే అప్రైజల్ సమావేశం దాకా ఆగకుండా, దానికి రెండు మూడు నెలల ముందే అడగండి. అడిగేటప్పుడు ఒక అంకె దగ్గర మొదలుపెట్టకండి. మీరు ఇప్పుడు చేస్తున్నది పై గ్రేడు పని అని చూపించి, ఆ గ్రేడు అడగండి. వేరే ఉద్యోగం సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే జీతాలు ఎలా ఖరారవుతాయో చెప్పాలి. చాలా ఏళ్లుగా టెక్నికల్ టీములు నడుపుతున్నాను కాబట్టి ఆ చర్చల్లో పలుమార్లు కూర్చున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు ఊహించుకునే దానికీ అక్కడ జరిగేదానికీ చాలా తేడా ఉంటుంది.

అప్రైజల్ సమావేశంలో మీ జీతం నిర్ణయం కాదు, ప్రకటిస్తారంతే. కాస్త పెద్ద కంపెనీల్లో సాధారణంగా జరిగే వరుస ఇది. ముందుగా ఫైనాన్స్ విభాగం ఒక్కో విభాగానికి జీతాల పెంపు కోసం ఇంత శాతం అని కేటాయిస్తుంది. మేనేజర్లు తమ టీములోని వారికి రేటింగులు, పెంపు ప్రతిపాదనలు రాస్తారు. ఆ తర్వాత కొందరు మేనేజర్లు ఒకచోట కూర్చుని ఆ రేటింగులను పక్కపక్కన పెట్టి చూస్తారు. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. "మీ టీములో అతనికి ఇంత రేటింగు ఎందుకు, మా అమ్మాయి చేసిన పని ఇంకా పెద్దది కదా" అనే వాదనలు నడిచేది అక్కడే. పై అధికారులు ఆమోదించాక హెచ్‌ఆర్ లెక్కలు సరిచూస్తుంది. లెటర్ మీ చేతికి వచ్చేది ఇవన్నీ ముగిశాకే. అప్పుడు మీరు ఎంత చక్కగా వాదించినా మీ మేనేజర్ దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగిలి ఉండదు. అడగనిదే అమ్మైనా పెట్టదు అంటారు సరే, వంట ముగించి పొయ్యి ఆర్పేశాక అడిగితే అమ్మ మాత్రం ఏం చేస్తుంది?

ఆ కాలిబ్రేషన్ గదిలో మీరు ఉండరు. మీ తరఫున మీ మేనేజర్ మాట్లాడతారు, అదీ ఒకటి రెండు నిమిషాలే. మీ ఏడాది శ్రమ అంతా ఆయన నోట రెండు వాక్యాలై వస్తుంది. ఆ రెండు వాక్యాలు ఆయన తడుముకోకుండా చెప్పగలిగేలా చేయడమే మీ పని. "బాగా పనిచేస్తాడు, కష్టపడతాడు" అన్నది అక్కడ వినిపించే అతి బలహీనమైన వాక్యం, ఎందుకంటే ప్రతి మేనేజరూ తన టీములో ప్రతి ఒక్కరి గురించీ అదే అంటారు.

ఇక డబ్బు లెక్క. మీ టీములో ఐదుగురున్నారని, అందరి జీతమూ 100 అని అనుకుందాం. పెంపు కేటాయింపు 6 శాతం అయితే మేనేజర్ చేతిలో ఉన్నది మొత్తం 30. మీరు ఒక్కరే 20 అడిగితే మిగిలిన నలుగురికీ తలా రెండున్నర వస్తుంది. మీరంటే ఎంత అభిమానం ఉన్నా ఏ మేనేజరూ ఆ పని చేయలేరు. అదే పై గ్రేడుకు మారడం అయితే చాలా కంపెనీల్లో దాని డబ్బు వేరే పద్దు నుంచి వస్తుంది, వేరే ఆమోదంతో నడుస్తుంది. మీ పెంపు కోసం పక్కవారి వాటా కోయాల్సిన అవసరం ఉండదు. గ్రేడు అడగమని మొదట్లోనే అన్నది ఇందుకే.

మరొక విషయం తెలుసుకుని ఉండండి. ప్రతి గ్రేడుకూ జీతంలో ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం, మధ్యలో ఒక ప్రామాణిక మొత్తం ఉంటాయి. మీ జీతాన్ని ఆ మధ్య మొత్తంతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని హెచ్‌ఆర్ వారు కంపా రేషియో అంటారు. మధ్య మొత్తం 100 అయితే పరిధి చాలా చోట్ల 80 నుంచి 120 దాకా ఉంటుంది. మీరు 84 దగ్గర ఉంటే అదే గ్రేడులోనే మంచి పెంపుకు చోటుంది. 115 దగ్గర ఉంటే ఎంత బాగా చేసినా చిన్న పెంపే వస్తుంది. "మా గ్రేడు పరిధిలో నేను సుమారుగా ఎక్కడ ఉన్నాను?" అని మేనేజర్‌ను అడగడంలో తప్పేమీ లేదు. అంకె చెప్పకపోయినా కింది భాగమా, మధ్యా, పై భాగమా అన్నది చాలామంది చెబుతారు.

కొత్తగా చేరిన వ్యక్తి జీతం గురించి మీకు మంటగా ఉండటం సహజం. కానీ అది మిమ్మల్ని తక్కువ చేసి తీసుకున్న నిర్ణయం కాదు. కొత్తవారికి ఇచ్చేది నియామకాల బడ్జెట్, దాన్ని ఆనాటి మార్కెట్ నిర్ణయిస్తుంది. మీకు వచ్చేది పెంపు బడ్జెట్, దాన్ని నిరుటి జీతం మీద శాతం నిర్ణయిస్తుంది. మార్కెట్ వేగంగా పెరిగిన ఏడాది పాతవారు వెనకబడిపోతారు. ఈ సంగతిని వాడుకోండి, కానీ ఆ వ్యక్తి పేరు ఎత్తకండి. పేరు వచ్చిందంటే చర్చ మీ పని మీద నుంచి "నీకెవరు చెప్పారు?" మీదికి మళ్లుతుంది. "ఈ పనికి ఇప్పుడు బయట ఇస్తున్న దానికీ నా జీతానికీ తేడా ఉంది, దాన్ని సరిచేసే వీలుందా?" అంటే చాలు. తోటివారితో జీతాల గురించి మాట్లాడుకోవడం నేరమేమో అని కొందరు భయపడతారు. అమెరికాలో 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ప్రైవేటు రంగంలోని ఎక్కువమందికి ఆ హక్కును కాపాడుతుంది. 2023లో ఐరోపా సమాఖ్య తెచ్చిన జీతాల పారదర్శకత ఆదేశం, ఒకే రకమైన పని చేసేవారి సగటు జీతం తెలుసుకునే హక్కును ఉద్యోగులకు కల్పించాలని సభ్య దేశాలకు చెప్పింది. మీరున్న చోట చట్టం ఏమంటుందో, మీ ఒప్పందంలో ఏముందో మీరే ఒకసారి చదువుకోండి.

ఇప్పుడు అసలు సరంజామా. మేనేజర్‌ను కలవడానికి ముందు ఒక్క పేజీ నోట్ రాయండి. రెండో పేజీకి వెళ్లకండి, ఎవరూ చదవరు. అందులో మూడు నాలుగు అంశాలు చాలు. ఒక్కో అంశంలో ముందు పరిస్థితి ఎలా ఉండేది, మీరు ఏం చేశారు, తర్వాత ఏం మారింది అన్నవి ఉండాలి.

ఒకప్పుడు మా దగ్గర ఒక కుర్రాడు తాను మూసిన టికెట్ల (పరిష్కరించమని నమోదైన సమస్యల) జాబితా తెచ్చాడు. వందల్లో ఉన్నాయి, నిజంగానే చెమటోడ్చాడు. కాలిబ్రేషన్‌లో నేను ఆ అంకె చెప్పగానే మరో మేనేజర్ అడిగిన ప్రశ్న: "వాటిలో మళ్లీ తెరుచుకున్నవి ఎన్ని?" అంతటితో ఆ అంకె చచ్చిపోయింది. అదే టీములో ఒక అమ్మాయి రాసిన నోట్‌లో మొదటి అంశం ఇలా ఉంది: రిలీజుకు ముందు చేసే పరీక్షలు చేత్తో నడపడం వల్ల రెండు రోజులు పట్టేవి, వాటిలో ప్రధానమైనవి వాటంతటవే నడిచే స్క్రిప్టులుగా మార్చాను, ఇప్పుడు ఒక పూటలో అవుతున్నాయి, ఆ స్క్రిప్టులను మరో రెండు టీములు కూడా వాడుతున్నాయి. ఆ చివరి ముక్క చదివాక ఇక నేను వాదించాల్సిన పనే లేకపోయింది. ఆ రెండు టీముల మేనేజర్లు అదే గదిలో ఉన్నారు, వాళ్లే తలూపారు.

ఇలాంటి నోట్ అప్రైజల్ ముందు రోజు రాత్రి కూర్చుని రాస్తే రాదు. మనిషి తాను చేసిన పనిని ఆశ్చర్యం కలిగించేంత త్వరగా మరచిపోతాడు. వారానికి ఒకసారి పది నిమిషాలు కూర్చుని ఏం చేశారో, దాని వల్ల ఎవరికి ఏం కలిసొచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటూ ఉండండి. మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లు కూడా అక్కడే పెట్టుకోండి. ఇంటి అద్దె, అప్పులు, పెళ్లి ఖర్చులు మాత్రం ఆ నోట్‌లోకి రానివ్వకండి. అవి మీకు ఎంత నిజమైన ఇబ్బందులైనా ఆ గదిలో మీ తరఫున వాదించడానికి పనికిరావు.

మాట ఎలా మొదలుపెట్టాలని మొహమాటపడుతున్నారు కదా. ఇలా అనవచ్చు: "సార్, వచ్చే అప్రైజల్ గురించి ముందుగానే మాట్లాడాలనుకుంటున్నాను. నేను చేరింది టెస్టింగ్‌కు. ఇప్పుడు రిలీజులు, పర్యవేక్షణ కూడా చూస్తున్నాను. ఇది పై గ్రేడు పనితో సరిపోతోందని నాకనిపిస్తోంది. మీరూ అలాగే అనుకుంటున్నారా? లేదంటే ఏమి తక్కువైందో చెప్పండి." ఆ తర్వాత ఆగండి. నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది. దాన్ని పూడ్చడానికి "పర్లేదు సార్, వీలైతేనే" అని మీరే మీ మాటను వెనక్కి తీసుకోకండి. ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, ఆ ఒక్క మాట అనేసినవారికి నేను జవాబు చెప్పాల్సిన బాధ్యత అక్కడితో తీరిపోతుంది.

జవాబు సాధారణంగా మూడు రకాలుగా వస్తుంది. "బడ్జెట్ లేదు" అంటే అది నిజం కావచ్చు. అప్పుడు తదుపరి అవకాశం ఎప్పుడో, ఏడాది మధ్యలో సవరణలు జరుగుతాయా అన్నది అడగండి. "ఇంకా సమయం ఉంది, తొందరపడకు" అంటే ఎంత సమయం అని కాకుండా ఏ పని చేసి చూపిస్తే ఆ సమయం వచ్చినట్టో అడగండి. మూడోది మీకు ఇప్పటికే తెలిసిన "చూద్దాం". దాన్ని అలా వదిలేయకూడదు. "అయితే ఆరు వారాల తర్వాత మళ్లీ కూర్చుందామా? అప్పటికి నేను చేసి చూపాల్సినవి ఏమిటో ఇప్పుడే రెండు అనుకుందాం" అని తేదీ పెట్టించుకోండి. బయటికి వచ్చాక, మాట్లాడుకున్నదాన్ని నాలుగు వాక్యాల్లో మర్యాదగా మెయిల్ చేయండి. మేనేజర్లు మారిపోతుంటారు, కొత్తగా వచ్చినవారికి ఆ మెయిల్ ఒక్కటే సాక్ష్యం. అంటే మెయిల్ పెట్టాలా నోటితో చెప్పాలా అన్న మీ ప్రశ్నకు జవాబు రెండూ, అదే వరుసలో: ముందు మాట, తర్వాత మెయిల్.

ఎంత అడగాలి? గ్రేడు మారుతుంటే పై గ్రేడు కనిష్ఠ మొత్తం ఎంతో కనుక్కుని, దానికి కాస్త పైన అడగండి. గ్రేడు మారకుండా అడుగుతుంటే, మీ పరిధిలో మధ్య మొత్తానికి చేరువ కావడం న్యాయమైన కోరిక. అంకె ముందుగా మీరు చెప్పాలా అన్నదాని మీద ఎన్నో వాదనలున్నాయి. 1974లో ట్వెర్స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. 10 దగ్గర గానీ 65 దగ్గర గానీ ఆగేలా ముందే అమర్చిన ఒక చక్రాన్ని తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఎంత ఉంటుందని అడిగారు. 10 చూసినవారి అంచనాల మధ్యస్థం 25, 65 చూసినవారిది 45. సంబంధం లేని అంకె కూడా అంచనాను లాగేస్తుందన్నమాట. కొత్త కంపెనీతో బేరమాడేటప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. ఉన్న కంపెనీలో మాత్రం అంత ప్రభావం ఉండదని నా అభిప్రాయం, ఎందుకంటే మీ జీతమూ పరిధీ రెండూ వారి ముందే ఉంటాయి. అక్కడ అంకె కంటే దాని వెనుక ఉన్న కారణానికే బరువు.

చిన్న తేడా కదా అని వదులుకోవడం మాత్రం మంచిది కాదు, ముఖ్యంగా మొదటి ఏళ్లలో. ఈ రోజు 100 బదులు 110 వచ్చి, ఆ తర్వాత ఏటా 5 శాతమే పెరిగినా, పదేళ్లలో మీ చేతికి అదనంగా వచ్చేది దాదాపు 126. అంటే మీ ఇప్పటి ఏడాది జీతానికి మించి. తర్వాతి పెంపులన్నీ ఈ మొత్తం మీదే లెక్కగడతారు కాబట్టి, ఒక్కసారి ఇచ్చే బోనస్ కంటే మూల జీతంలో పెంపు మేలు. షేర్లు ఇస్తామంటే ఎన్నేళ్లలో చేతికొస్తాయో చూడండి. నాలుగేళ్ల వ్యవధి, మొదటి ఏడాది నిండేదాకా ఏమీ రాకపోవడం చాలా చోట్ల ఉన్న పద్ధతి. ధరలు 6 శాతం పెరిగిన ఏడాది మీకు 5 శాతం ఇచ్చారంటే జీతం తగ్గిందనే అర్థం.

ఇక ఎదుగుదల. మీరు ఒక్క వాక్యంలో అడిగారు గానీ, మీ ప్రశ్నలో ముఖ్యమైనది ఇదే.

మొదటి గ్రేడుకూ రెండో గ్రేడుకూ ఉన్న తేడా తెలివిలోనో, నేర్చుకున్న టెక్నాలజీల సంఖ్యలోనో లేదు. మొదటి గ్రేడులో మీకు పని చెబుతారు. రెండో గ్రేడులో సమస్య చెబుతారు. అప్పగించాక మేనేజర్ దాన్ని మరచిపోగలగాలి, ఇబ్బంది వస్తే మీరే సమయానికి చెబుతారన్న నమ్మకం ఉండాలి. ఈ కొలతతో చూస్తే మీ మీద పడ్డ మూడు అదనపు పనులూ ఒకే విలువైనవి కావు.

రిలీజులు తీసుకోండి. ప్రతి వారం మీరే కూర్చుని అవే ఆదేశాలు టైపు చేస్తున్నారంటే టీముకు సౌకర్యంగా ఉన్నారు, అంతే. సౌకర్యంగా ఉన్నవారిని ఎవరూ కదిలించరు. దాన్ని స్క్రిప్టుగా మార్చి, ఎవరు నొక్కినా నడిచేలా చేసి, విఫలమైతే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే దారి కూడా పెడితే అది ఇంజినీరింగ్. గూగుల్‌లో 2003లో మొదలైన సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్ టీములకు (సేవలు ఆగకుండా నడిచేలా చూసే ఇంజినీర్లకు) పెట్టుకున్న నియమం ఒకటి మీకు పనికొస్తుంది: నిర్వహణ పనులు సమయంలో సగానికి మించకూడదు, మిగతా సగం ఆ పనులను తగ్గించే ఇంజినీరింగ్‌కే. మీ వారాన్ని ఆ లెక్కతో చూసుకోండి. మొత్తం చేత్తో చేసే పనిలోనే పోతుంటే ఆ సంగతే మేనేజర్‌తో మాట్లాడాల్సిన మొదటి అంశం.

పర్యవేక్షణలో మంచి అవకాశం ఉంది, ఎక్కువమంది దాన్ని గమనించరు. ఏదైనా సేవ ఆగిపోయి మళ్లీ లేచాక, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి అని ఎవరినీ నిందించకుండా ఒక నివేదిక రాయండి. మీ పేరు తెలియని పెద్దలు కూడా అది చదువుతారు. ఎవరూ పట్టించుకోని హెచ్చరికలు రోజంతా మోగుతుంటే, వాటిని వడకట్టి నిజమైనవే మోగేలా చేయండి. రాత్రిపూట ఫోను మోగడం తగ్గిందంటే మీ తరఫున టీము మొత్తం మాట్లాడుతుంది.

డేటాబేస్ పని దగ్గర మాత్రం జాగ్రత్త. హోదా లేకుండా, రాతపూర్వక అనుమతి లేకుండా, నడుస్తున్న డేటా మీద చేయి పెడుతున్నారు. అంతా సవ్యంగా ఉన్నన్నాళ్లు అది "సాయం". ఒక్క షరతు మరచి డిలీట్ ఆదేశం నడిపిన రోజున అది "అతను చేసిన నిర్వాకం". ఎవరి ఆమోదంతో చేయాలో రాయించుకోండి. బ్యాకప్ ఉందన్న మాటతో సరిపెట్టుకోకుండా, దాన్ని వేరే సర్వర్‌లో తిరిగి ఎక్కించి చూడండి. ఈ అలవాటు కూడా మీ నోట్‌లో ఒక అంశం అవుతుంది.

మీరు తప్ప ఎవరూ చేయలేని పని మీ దగ్గర ఉంటే అది రక్షణ అని అనుకుంటారు చాలామంది. నా అనుభవంలో ప్రమోషన్‌కు అదే పెద్ద అడ్డం. "అతను పైకి వెళితే ఇది ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్నకు మేనేజర్ దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు మీరే తయారుచేయాలి, పద్ధతి అంతా రాసిపెట్టి, మరొకరికి నేర్పి. సర్టిఫికెట్ల గురించి ఒక్క ముక్క: బయట ఇంటర్వ్యూ పిలుపులకు పనికొస్తాయి, లోపల జీతం పెంచిన సందర్భాలు నేను చాలా తక్కువ చూశాను.

వేరే ఉద్యోగం చూసుకోవచ్చు. ఏడాదిన్నర తర్వాత మారడం ఎవరూ తప్పుపట్టరు, బయట వచ్చే పెంపు లోపలి పెంపు కంటే పెద్దదిగా ఉండటమూ మామూలే. కానీ వెళ్లిపోవడానికి సిద్ధంగా లేనప్పుడు బయటి ఆఫర్‌ను బల్ల మీద పెట్టకండి. "సరే, వెళ్లండి" అనే జవాబు కూడా రావచ్చు. ఉండమని జీతం పెంచినా, గ్రేడు, పని, మేనేజర్ అవే అయితే కొన్ని నెలల్లో మీ అసంతృప్తి మళ్లీ మొదటికి వస్తుంది. కంపెనీలో ఉద్యోగాల కోత నడుస్తున్నా, మీరు ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నా, ఈ మధ్యే మీ చేతుల మీద పెద్ద పొరపాటు జరిగి ఉన్నా, నేను చెప్పిన సమయం లెక్క మారుతుంది. ఒక విడత ఆగడం మేలు.

హెచ్‌ఆర్ దగ్గరికి నేరుగా వెళ్లవచ్చా అని కూడా అడిగారు. గ్రేడు పరిధి, అప్రైజల్ తేదీలు, ఏడాది మధ్యలో సవరణకు నియమాలు వంటివి అడగడానికి నిరభ్యంతరంగా వెళ్లండి. జీతం పెంచమని అడగడానికి మాత్రం మేనేజర్‌ను దాటి వెళ్లకండి. హెచ్‌ఆర్ చేసే మొదటి పని ఆయనకే ఫోను చేయడం. ఆయన తేదీ ఇచ్చి రెండోసారి కూడా దాటవేస్తే, "ఈ విషయం మీ పై అధికారితో కలిసి ముగ్గురం మాట్లాడుకోవచ్చా?" అని ఆయననే అడగండి. దానికి కూడా "చూద్దాం" అనే జవాబే వస్తే, ఆ వారాంతమే రెజ్యూమే సరిచేసుకోవడం మొదలుపెట్టండి. మీరు రాసుకున్న ఒక్క పేజీ నోట్ అందులోకి దాదాపు యథాతథంగా వెళ్లిపోతుంది, కంపెనీ అంతర్గత వివరాలు తీసేస్తే చాలు.